లినక్స్ కంటెయినర్లలో ఫైలు అనుమతి దోషాలు

లినక్స్ కంటెయినర్లలో ఫైలు అనుమతి దోషాలు అనగా, లినక్స్ కెర్నెల్‌పై పనిచేసే ఒక కంటెయినరును నెలకొల్పేటపుడు గాని, బయటి డైరెక్టరీని దానికి జతపరచేటపుడు గాని, ఫైలును చదవడానికో, రాయడానికో, దాని యజమానిని మార్చడానికో కెర్నెల్ నిరాకరించినపుడు ఎదురయ్యే దోషాలు. తెరపై సాధారణంగా "పర్మిషన్ డినైడ్" అన్న రెండు మాటలే కనిపిస్తాయి. సందేశం ఇంత చిన్నదైనా దాని వెనుక కారణాలు పలు విధాలుగా ఉంటాయి. అయితే వాటిలో అధికభాగానికి మూలం ఒక్కటే. మనుషులు వాడుకరులను పేర్లతో గుర్తిస్తారు, కెర్నెల్ సంఖ్యలతో గుర్తిస్తుంది; కంటెయినరు లోపల కనిపించే సంఖ్య, బయట అసలు యంత్రంలో ఉన్న సంఖ్య ఒకటి కాకపోవచ్చును. కంటెయినరును మోస్తున్న ఈ అసలు యంత్రాన్ని ఆతిథేయ యంత్రం అంటారు.

ఫైలు అనుమతుల వ్యవస్థ

యునిక్స్ సంప్రదాయంలో ప్రతి ఫైలుకు ఒక యజమాని, ఒక సమూహం ఉంటాయి. యజమానికి, సమూహానికి, ఇతరులకు వేర్వేరుగా చదివే (4), రాసే (2), నడిపే (1) అనుమతులను ఇవ్వవచ్చును. 750 అంటే యజమానికి అన్ని అనుమతులు, సమూహానికి చదివే, నడిపే అనుమతులు ఉన్నాయని, ఇతరులకు ఏమీ లేవని అర్థం. డైరెక్టరీ విషయంలో నడిపే అనుమతికి అర్థం మారుతుంది. దాని గుండా లోపలికి దాటి వెళ్ళే హక్కు అది. ఒక ఫైలుకు 644 అనుమతులు ఉన్నంత మాత్రాన అందరూ దానిని చదవలేరు. మూల డైరెక్టరీ నుండి ఆ ఫైలు వరకు దారిలో ఉన్న ప్రతి డైరెక్టరీలోను దాటే హక్కు ఉండాలి. దోషాన్ని వెదికేవారు తరచుగా ఫైలును మాత్రమే చూసి, దారిని మరచిపోతారు.

డిస్కుపై యజమాని పేరు ఎక్కడా రాసి ఉండదు. ఫైలు వివరాలను దాచే ఐనోడులో వాడుకరి సంఖ్య, సమూహ సంఖ్య మాత్రమే ఉంటాయి. ఈటీసీ డైరెక్టరీలోని పాస్‌డబ్ల్యుడి ఫైలును చూసి ఆ సంఖ్యలకు పేర్లు తగిలించేది ఎల్ఎస్ వంటి ఆదేశాలు. ఈ పాస్‌డబ్ల్యుడి ఫైలు కంటెయినరులో ఒకటి, ఆతిథేయ యంత్రంలో మరొకటి. డెబియన్‌లో వెబ్ సర్వరు వాడుకరి సంఖ్య 33. ఫెడోరాలో అదే పని చేసే అపాచీ వాడుకరి సంఖ్య 48. కనుక ఫెడోరాపై నడిచే డెబియన్ కంటెయినరులో పేర్లను నమ్ముకొని అనుమతులు ఇస్తే అవి వేరెవరికో చేరతాయి.

చరిత్ర

ఒక ప్రక్రియను ఫైళ్ళ వ్యవస్థలో ఒక భాగానికి పరిమితం చేసే సీహెచ్‌రూట్ 1979 నాటిది. ఫ్రీబీఎస్‌డీలో జైళ్ళు 2000లో వచ్చాయి. లినక్స్‌లో వనరులను పరిమితం చేసే సీగ్రూపులు 2008 జనవరిలో విడుదలైన 2.6.24 కెర్నెల్‌లో చేరగా, అదే సంవత్సరంలో ఎల్ఎక్స్‌సీ అనే కంటెయినర్ల ఉపకరణాల సముదాయం మొదలైనది. అప్పట్లో కంటెయినరు లోపలి రూట్, ఆతిథేయ యంత్రపు రూట్ కెర్నెల్ దృష్టిలో ఒక్కరే. అందువలన అనుమతి దోషాలు తక్కువ, ప్రమాదం ఎక్కువ.

2013 ఫిబ్రవరిలో వచ్చిన 3.8 కెర్నెల్‌లో యూజర్ నేమ్‌స్పేస్ సౌకర్యం పూర్తయినది. దీనిని ప్రధానంగా రూపొందించినది ఎరిక్ బీడర్మన్. ఆపై 2014 ఫిబ్రవరిలో వెలువడిన ఎల్ఎక్స్‌సీ 1.0 తో, ఏ విశేషాధికారమూ లేని సామాన్య వాడుకరి కూడా తన కంటెయినరును తానే నెలకొల్పుకొనే వీలు కలిగినది. వీటిని అన్‌ప్రివిలేజ్డ్ కంటెయినర్లు అంటారు. ఈ వ్యాసంలో వివరించిన దోషాలలో చాలా భాగం ఈ మార్పుతో వచ్చినవే. వాటిని భద్రతకు చెల్లించే మూల్యంగా భావించవచ్చును.

సంఖ్యల మార్పిడి

యూజర్ నేమ్‌స్పేస్ కంటెయినరు లోపలి సంఖ్యలను బయటి సంఖ్యలుగా మార్చే ఒక పట్టికను కెర్నెల్‌కు ఇస్తుంది. సాధారణంగా లోపలి 0 బయట 100000 అవుతుంది, లోపలి 1 బయట 100001, ఇలా 65536 సంఖ్యల వరకు సాగుతుంది. అనగా లోపలి రూట్ బయట 100000 సంఖ్య గల అనామకుడు. లోపలి డెబియన్ వెబ్ సర్వరు (33) బయట 100033. లోపల మొదటగా సృష్టించిన మామూలు వాడుకరి (1000) బయట 101000.

తన కంటెయినరులో రూట్ ఏ ఫైలునైనా మార్చగలడు, ప్యాకేజీలను స్థాపించగలడు, వాడుకరులను చేర్చగలడు. ఆతిథేయ యంత్రపు ఫైలు ఎదురుపడితే మాత్రం 100000 సంఖ్య గల వ్యక్తికి ఏ హక్కులు ఉన్నాయో అవే అతనికి దక్కుతాయి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అన్న సామెత ఈ రూట్‌కు సరిగ్గా సరిపోతుంది. కెర్నెల్ నియమం ప్రకారం, రూట్‌కు ఉండే అనుమతులను అధిగమించే శక్తి, వాడుకరి సంఖ్య, సమూహ సంఖ్య రెండూ తన పట్టికలో ఉన్న ఫైళ్ళపై మాత్రమే పనిచేస్తుంది. రెంటిలో ఒకటి పట్టికలో లేకపోయినా ఆ శక్తి చెల్లదు.

పట్టికలో లేని సంఖ్య గల ఫైలును కంటెయినరు లోపలి నుండి చూస్తే యజమానిగా 65534 కనిపిస్తుంది. దీనికి నోబడీ అని పేరు. ఒక డైరెక్టరీలోని ఫైళ్ళన్నీ నోబడీకి చెందినట్లు కనిపిస్తే, అవి నిజంగా నోబడీవి అనుకోరాదు; వాటి అసలు యజమాని ఈ కంటెయినరుకు తెలియని వ్యక్తి అని గ్రహించాలి. లోపలి రూట్ ఆ ఫైళ్ళ యజమానిని మార్చబోయినా కెర్నెల్ ఒప్పుకోదు. ఆ మార్పు బయటి నుండే జరగాలి.

ఒక ప్రక్రియకు వర్తించే పట్టికను ప్రోక్ డైరెక్టరీలో ఆ ప్రక్రియ కింద ఉండే యుఐడి-మ్యాప్ ఫైలులో చదవవచ్చును. అందులో మూడు నిలువు వరుసలు ఉంటాయి: లోపలి మొదటి సంఖ్య, బయటి మొదటి సంఖ్య, మొత్తం ఎన్ని. కంటెయినరు లోపల ఈ ఫైలును తెరిచినపుడు 0, 0, 4294967295 అని కనిపిస్తే అక్కడ మార్పిడి ఏదీ లేదని, లోపలి రూట్ బయట కూడా రూట్ అని అర్థం. డాకర్ మామూలుగా స్థాపించినపుడు ఉండే స్థితి ఇదే. మార్పిడి చేసే సౌకర్యం 2016 నాటి డాకర్ 1.10 నుండి ఉన్నా, దానిని వాడుకరి కోరి ఎంచుకోవాలి. అందువలననే డాకర్‌లో సమస్య తరచు తలకిందులుగా ఉంటుంది: కంటెయినరు రాసిన ఫైళ్ళు బయట రూట్ సొత్తు అయిపోయి, సొంత డైరెక్టరీలోని ఫైళ్ళను వాడుకరి తానే తొలగించలేకపోతాడు.

సందేశాలలో భేదాలు

కెర్నెల్ ఇచ్చే దోషాలకు సంఖ్యలు ఉన్నాయి. వాటి భేదం తెలిస్తే వెదకవలసిన చోటు తగ్గుతుంది. "పర్మిషన్ డినైడ్" (13) అంటే సాధారణంగా ఫైలు లేదా దారి అనుమతులు చాలలేదని. "ఆపరేషన్ నాట్ పర్మిటెడ్" (1) అంటే ఫైలు అనుమతులతో నిమిత్తం లేకుండా ఆ పని చేసే అధికారమే లేదని. యజమానిని మార్చడం, పరికరపు ఫైలును సృష్టించడం వంటివి ఇందులోకి వస్తాయి. "ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్" (22) చూడడానికి అనుమతి దోషంలా ఉండదు గాని, పట్టికలో లేని సంఖ్యను యజమానిగా పెట్టబోయినపుడు వచ్చేది ఇదే. "వాల్యూ టూ లార్జ్ ఫర్ డిఫైన్డ్ డేటా టైప్" (75) అన్న వింత సందేశం కూడా, కొత్త ఫైలుకు పెట్టవలసిన సంఖ్య మార్పిడిలో దొరకనపుడు రావచ్చును. ఈ చివరి రెండింటిని చూసి డిస్కు చెడిపోయిందని అనుకోవడం కద్దు.

ఏర్పాటు దశలో దోషాలు

సామాన్య వాడుకరి తన ఇష్టం వచ్చిన సంఖ్యలను వాడుకోలేడు. అతనికి కేటాయించిన సంఖ్యల శ్రేణి ఈటీసీ డైరెక్టరీలోని సబ్‌యుఐడి, సబ్‌జిఐడి అనే రెండు ఫైళ్ళలో ఉంటుంది. ఉదాహరణకు "రాము:100000:65536" అన్న వరుస, రాము అనే వాడుకరికి 100000 నుండి 65536 సంఖ్యలు ఇచ్చినట్లు చెబుతుంది. కంటెయినరు అమరికలో కోరిన శ్రేణి ఇక్కడ లేకపోతే న్యూయుఐడిమ్యాప్ అనే సహాయక ప్రోగ్రాము ఆ శ్రేణికి అనుమతి లేదని చెప్పి ఆగిపోతుంది. కొత్త వాడుకరిని యంత్రంలోనే సృష్టించినపుడు చాలా లినక్స్ పంపిణీలు ఈ వరుసలను తామే చేరుస్తాయి. ఎల్‌డాప్ వంటి నెట్‌వర్కు సేవ ద్వారా వచ్చే వాడుకరులకు ఇవి చేరవు. కళాశాల ప్రయోగశాలలో ఒక ఖాతాలో పనిచేసిన కంటెయినరు మరొక ఖాతాలో పనిచేయకపోతే మొదట చూడవలసినది ఈ రెండు ఫైళ్ళనే. ఒకదానిలో వరుస ఉండి, రెండవదానిలో లేకపోవడం కూడా తరచుగా జరిగే పొరపాటే.

ఎల్ఎక్స్‌సీ అమరిక ఫైలులో ఈ శ్రేణిని తెలిపే పదం పాత సంచికలలో "ఐడి-మ్యాప్" అని మధ్యలో అండర్‌స్కోరుతో ఉండేది. 2017 నాటి 2.1 సంచికలో అండర్‌స్కోరు తొలగి ఒకే పదమైనది. పాత వ్యాసాల నుండి అమరికలను యథాతథంగా నకలు చేసేవారు ఇది గమనించాలి.

రెండవ అడ్డంకి ఇంటి డైరెక్టరీ. అన్‌ప్రివిలేజ్డ్ ఎల్ఎక్స్‌సీ కంటెయినరు ఫైళ్ళు వాడుకరి హోమ్ డైరెక్టరీ లోపలనే ఉంటాయి. కంటెయినరు మొదలైన తరువాత వాటిని చేరవలసినది రాము కాదు, 100000 సంఖ్య గల లోపలి రూట్. రాము ఇంటి గుండా దాటే హక్కు అతనికి ఉండాలి. ఉబుంటులో హోమ్ డైరెక్టరీల అనుమతులు పూర్వం 755గా ఉండేవి కనుక ఇబ్బంది ఉండేది కాదు. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 సంచిక నుండి కొత్త హోమ్ డైరెక్టరీలు 750తో ఏర్పడుతున్నాయి. ఫలితంగా అంతకు ముందు సజావుగా సాగిన సూచనలే కొత్త సంచికలలో విఫలమయ్యాయి. దీనికి డైరెక్టరీని అందరికీ తెరవనక్కరలేదు. సెట్‌ఎఫ్ఏసీఎల్ ఆదేశంతో 100000 సంఖ్యకు మాత్రం దాటే హక్కు ఇస్తే చాలును. దారిలో ఏ మెట్టు దగ్గర నిరాకరణ జరుగుతున్నదో తెలుసుకోవడానికి నేమ్‌ఐ ఆదేశం ఉపయోగపడుతుంది. అది మూలం నుండి చివరి ఫైలు వరకు ప్రతి మెట్టు అనుమతులను వరుసగా చూపుతుంది.

బయటి డైరెక్టరీలను జతపరచినపుడు

ఆతిథేయ యంత్రంలోని డైరెక్టరీని కంటెయినరులో కనిపించేలా చేయడాన్ని బైండ్ మౌంట్ అంటారు. అనుమతి దోషాలు అత్యధికంగా వచ్చే సందర్భం ఇదే. బయట రాముకు (1000) చెందిన డైరెక్టరీని లోపల చేర్చితే, లోపలి 1000 బయట 101000 కనుక, వాడుకరి పేరు రెండు చోట్లా రాము అయినా రాసే హక్కు ఉండదు.

దీనిని గుర్తించే పద్ధతి సులభం. ఎల్ఎస్ ఆదేశానికి మైనస్ ఎన్ చేర్చితే పేర్లకు బదులు సంఖ్యలు వస్తాయి. అదే డైరెక్టరీని బయట ఒకసారి, లోపల ఒకసారి ఇలా చూసి, రెండు సంఖ్యలను పక్కపక్కన పెట్టుకోవాలి. బయట 1000, లోపల 65534 అయితే మార్పిడి సమస్య. బయట 101000, లోపల 1000 అయితే మార్పిడి సరిగానే ఉన్నది. లోపం మరెక్కడో ఉన్నది.

మార్పిడి ప్రమేయం లేకుండా కూడా సంఖ్యలు తేడా పడవచ్చును. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు అధికారిక డాకర్ ఇమేజి ఇందుకు మంచి ఉదాహరణ. డెబియన్ ఆధారిత ఇమేజిలో పోస్ట్‌గ్రెస్ వాడుకరి సంఖ్య 999. ఆల్పైన్ ఆధారిత ఇమేజిలో 70. పరిమాణం తక్కువ అని ఒకదాని స్థానంలో మరొకటి పెట్టి, పాత డేటా డైరెక్టరీనే జతపరిస్తే, నిన్నటి వరకు తనదైన డేటాను సర్వరు చదవలేకపోవచ్చును. ఇక్కడ చెడినది డేటా కాదు, యజమాని సంఖ్య మాత్రమే.

పరిష్కార మార్గాలు

డైరెక్టరీ కంటెయినరుకు మాత్రమే అవసరమైతే, బయటి నుండి దాని యజమానిని మార్పిడి జరిగిన సంఖ్యకు, ఉదాహరణకు 101000కు, మార్చడం నేరైన మార్గం. పోడ్‌మన్‌లో డైరెక్టరీని జతపరచేటపుడు పెద్ద యు అక్షరాన్ని ఐచ్ఛికంగా ఇస్తే ఈ పని అదే చేస్తుంది. ఆపై ఆ ఫైళ్ళు బయటి వాడుకరి చేతిలో ఉండవని గుర్తుంచుకోవాలి.

ఇద్దరికీ అవసరమైతే ఏసీఎల్ మంచిది. ఫైలు యజమానిని అలాగే ఉంచి, 101000 సంఖ్యకు అదనంగా హక్కు ఇవ్వవచ్చును. ఇకపై సృష్టించబోయే ఫైళ్ళకు కూడా వర్తించాలంటే డైరెక్టరీకి డిఫాల్ట్ ఏసీఎల్ విడిగా పెట్టాలి; ఇది మరచితే పాత ఫైళ్ళు తెరుచుకుని కొత్తవి తెరుచుకోవు.

పట్టికలోనే ఒక కిటికీ తెరవడం మూడవ మార్గం. 0 నుండి 1000 సంఖ్యలను యథాప్రకారం 100000కు, 1000 నుండి ఒకే ఒక సంఖ్యను బయటి 1000కే, 1001 నుండి మిగిలిన 64535 సంఖ్యలను 101001కు మార్చమని మూడు వరుసలు రాస్తారు. మొదటి వరుసలోని 1000 ఎన్ని అన్నదానికి సంకేతం, అనగా 0 నుండి 999 వరకు. 1000, 1, 64535 కలిపితే 65536 రావాలి. రాకపోతే లెక్క తప్పినట్లే. సమూహ సంఖ్యలకు ఇవే వరుసలు మరల రాయాలి. కంటెయినరును ప్రారంభించే వాడుకరికి బయటి 1000ని వాడే హక్కును సబ్‌యుఐడి, సబ్‌జిఐడి ఫైళ్ళలో ఇవ్వాలి. ప్రాక్స్‌మాక్స్ వాడేవారు ఎక్కువగా అనుసరించేది ఈ పద్ధతినే. ముందే నెలకొల్పిన కంటెయినరులో దీనిని చేస్తే, లోపల 1000కి చెందిన పాత ఫైళ్ళు డిస్కుపై ఇంకా 101000గానే ఉండి నోబడీ పాలవుతాయి. వాటిని బయటి నుండి సరిదిద్దాలి.

2021 ఏప్రిల్‌లో విడుదలైన 5.12 కెర్నెల్ దీనికి సొగసైన ఉపాయం తెచ్చింది. క్రిస్టియన్ బ్రౌనర్ రూపొందించిన ఈ ఐడి-మ్యాప్డ్ మౌంట్లలో సంఖ్యల మార్పిడి జతపరచే చోటనే జరుగుతుంది. డిస్కుపై ఒక్క ఫైలు కూడా మారదు. మొదట ఈఎక్స్‌టీ4, ఎక్స్ఎఫ్ఎస్, ఫ్యాట్ వ్యవస్థలకు పరిమితమై, తరువాతి కెర్నెళ్ళలో బీటీఆర్‌ఎఫ్ఎస్ మొదలైన వాటికి విస్తరించింది. ఎల్ఎక్స్‌డీ, ఇంకస్‌లలో డిస్కును చేర్చేటపుడు షిఫ్ట్ ఐచ్ఛికాన్ని ఎంచుకుంటే ఇది అమలవుతుంది. కెర్నెల్, ఫైళ్ళ వ్యవస్థ రెండూ సహకరించే చోట పై మూడింటి కంటే దీనినే ఎంచుకోవడం మేలు.

777 మరియు ప్రివిలేజ్డ్ కంటెయినర్లు

ఇంటర్నెట్‌లో ఈ దోషాలకు విరివిగా దొరికే సలహాలు రెండు. సీహెచ్‌మోడ్ 777తో అందరికీ అన్ని అనుమతులు ఇవ్వడం ఒకటి, కంటెయినరును ప్రివిలేజ్డ్‌గా మార్చడం రెండవది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్న చందం ఇది. 777 వలన ఆ దారి అందుబాటులో ఉన్న ప్రతి వాడుకరి, ప్రతి ప్రోగ్రాము ఫైళ్ళను మార్చగలదు. పైగా అది అన్నివేళలా పనిచేయదు కూడా: పోస్ట్‌గ్రెస్ తన డేటా డైరెక్టరీ 700 లేదా 750 కాకపోతే ప్రారంభం కావడానికే నిరాకరిస్తుంది, ఎస్ఎస్‌హెచ్ ఇతరులు చదవగలిగే రహస్య తాళపు ఫైలును స్వీకరించదు.

ప్రివిలేజ్డ్ కంటెయినరులో లోపలి రూట్ బయట కూడా రూట్. జతపరచిన డైరెక్టరీలో అతడు సెట్‌యుఐడి బిట్ గల ప్రోగ్రామును వదిలితే, ఆతిథేయ యంత్రంలో దానిని చేరగలిగిన సామాన్య వాడుకరి రూట్ హక్కులతో నడపగలడు. అన్‌ప్రివిలేజ్డ్ అయితే అదే ప్రోగ్రాము 100000 అనామకుని హక్కులతో మాత్రమే నడుస్తుంది. 2019 ఫిబ్రవరిలో వెల్లడైన రన్‌సీ లోపం ఈ తేడాకు నిదర్శనం. కంటెయినరు లోపలి రూట్, ఆతిథేయ యంత్రంలోని రన్‌సీ ప్రోగ్రామునే తిరగరాసి యంత్రాన్ని వశపరచుకొనే వీలును ఆ లోపం కల్పించింది. ఆతిథేయ రూట్‌ను పట్టికలో చేర్చని యూజర్ నేమ్‌స్పేస్ ఉన్న చోట ఆ దాడి చెల్లలేదు. ప్రివిలేజ్డ్ కంటెయినర్లు రూట్ విషయంలో సురక్షితం కావని ఎల్ఎక్స్‌సీ రూపకర్తలు కూడా స్పష్టంగా చెబుతారు.

అనుమతి బిట్లకు వెలుపలి నిరాకరణలు

సంఖ్యలు, అనుమతులు అన్నీ సరిగా ఉండి కూడా "పర్మిషన్ డినైడ్" వస్తే ఇతర కాపలాదారులను అనుమానించాలి. ఫెడోరా, రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఎస్ఈలినక్స్ ప్రతి ఫైలుకు ఒక గుర్తు తగిలిస్తుంది. కంటెయినరుకు తగిన గుర్తు లేని ఫైలును లోపలి ప్రక్రియలు తాకలేవు. డాకర్, పోడ్‌మన్‌లలో డైరెక్టరీని జతపరచేటపుడు చిన్న జెడ్ అక్షరం ఇస్తే పలు కంటెయినర్లు పంచుకొనే గుర్తు, పెద్ద జెడ్ ఇస్తే ఒక్క కంటెయినరుకే చెందిన గుర్తు పడుతుంది. మొత్తం హోమ్ లేదా యుఎస్ఆర్ డైరెక్టరీకి పెద్ద జెడ్ ఇస్తే ఆతిథేయ యంత్రమే పనిచేయకుండా పోగలదు. డెబియన్, ఉబుంటులలో ఈ స్థానంలో యాప్‌ఆర్మర్ ఉంటుంది. దాని నిరాకరణలు కెర్నెల్ లాగులో నమోదవుతాయి కనుక డీమెసేజ్ ఆదేశంతో చూడవచ్చును.

ఎన్ఎఫ్ఎస్ ద్వారా వచ్చిన డైరెక్టరీలలో సర్వరు తన వంతుగా రూట్‌ను నోబడీగా మారుస్తుంది. ఫ్యాట్ పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులలో యజమాని అన్న భావనే లేదు, అక్కడ చౌన్ ఆదేశం ఎంత ప్రయత్నించినా ఫలించదు. సంఖ్యలను జతపరచే సమయంలోనే ఇవ్వాలి.

బ్యాకప్, తరలింపు

కంటెయినరు ఫైళ్ళను ఒక యంత్రం నుండి మరొకదానికి టార్ ఆదేశంతో రూట్‌గా తరలించేటపుడు, టార్ మామూలుగా పేర్లను కూడా దాచి, విప్పేటపుడు ఆ పేరు గల స్థానిక వాడుకరికే ఫైలును అప్పగిస్తుంది. న్యూమెరిక్-ఓనర్ ఐచ్ఛికం ఇస్తే సంఖ్యలు యథాతథంగా నిలుస్తాయి. ప్రివిలేజ్డ్ కంటెయినరును అన్‌ప్రివిలేజ్డ్‌గా మార్చడానికి ప్రతి ఫైలు సంఖ్యకు 100000 కలుపుతూ చౌన్ నడిపేవారు మరొక విషయం గమనించాలి. యజమాని మారగానే ప్రోగ్రాములపై ఉన్న సెట్‌యుఐడి బిట్లను, ఫైలుకు విడిగా ఇచ్చిన కేపబిలిటీలను కెర్నెల్ తొలగిస్తుంది. అటువంటి మార్పు తరువాత కంటెయినరు లోపల సుడో, పింగ్ వంటివి పనిచేయకపోతే కారణం ఇదే. ఏసీఎల్‌లలో రాసి ఉన్న సంఖ్యలు కూడా చౌన్‌తో మారవు. కనుక చేతితో మార్చడానికి బదులు, ప్రాక్స్‌మాక్స్‌లో అయితే బ్యాకప్ తీసి అన్‌ప్రివిలేజ్డ్‌గా పునరుద్ధరించడం, ఎల్ఎక్స్‌డీ, ఇంకస్‌లలో అయితే అమరికను మార్చి కంటెయినరును తిరిగి ప్రారంభించడం ద్వారా ఈ పనిని ఆ ఉపకరణాలకే వదిలివేయవచ్చును.